కంప్యూటర్ పదేపదే క్రాష్ అవుతుంటే ముందు ఏం చూడాలి?

విండోస్ వాడుతుండగా నీలం తెర (కొత్త విండోస్ 11లో నలుపు) వచ్చి రీస్టార్ట్ అవుతోందంటే, వెంటనే ఫార్మాట్ కొట్టించకండి. లోపం ర్యామ్‌లో ఉంటే ఫార్మాట్ చేసినా మళ్లీ అదే గోల. ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తెర మీద కనిపించే స్టాప్ కోడ్‌ని (ఎర్రర్ పేరు) ప్రతిసారీ ఫోన్‌తో ఫోటో తీయండి. కోడ్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటే నా మొదటి అనుమానం ర్యామ్ మీదే. రెండు ర్యామ్ స్టిక్కులుంటే, పవర్ కేబుల్ తీసేసి ఒక స్టిక్ బయటికి తీయండి. కేబుల్ మళ్లీ పెట్టి మిగిలిన దానితోనే కొన్నాళ్లు వాడండి, తర్వాత రెండోదానితో. రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ రన్ చేసి వదిలేయండి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్‌లలో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆపాక కూడా ఎర్రర్లు వస్తుంటే ఆ స్టిక్ మార్చేయడమే మంచిది.

అలాంటి ఎర్రర్ తెర ఏదీ రాకుండా టక్కున ఆరిపోతుంటే ప్రాసెసర్ వేడి, పవర్ సప్లై చూడండి. విండోస్ లాగ్‌లు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎర్రర్ కనిపిస్తే టెన్షన్ వద్దు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెబుతుందే తప్ప అది అసలు కారణం కాదు.