పోసేకొద్దీ మాడుతున్న మల్లె

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. డాబా మీద ఇరవై కుండీల దాకా ఉన్నాయి. బొడ్డుమల్లె, మందారం, కరివేపాకు, వంగ, నాలుగు టమాటా మొక్కలు. ఏప్రిల్లో కాలువ కట్టేసిన దగ్గర్నుంచి బోరు నీళ్లే గతి. ఎండకి తట్టుకోలేవేమోనని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తలో చెంబు పోస్తున్నా మల్లె ఆకుల అంచులు కాల్చినట్టు అయిపోతున్నాయి. టమాటాకి పూత నిలవడం లేదు. కాస్త డీఏపీ వెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ డీఏపీ సంచి మూతి కట్టేసి అటక మీద పెట్టేయండమ్మా. తర్వాత డాబా ఎక్కి మల్లె కుండీ అంచు చూడండి. తెల్లగా పొడిలాంటిది పట్టి ఉందా? గోటితో గీరి నాలిక మీద వేసుకోండి. ఉప్పగా ఉంటే మీ మల్లెకి ఎండ దెబ్బ కంటే ఉప్పు దెబ్బే ఎక్కువ తగిలిందన్నమాట.

సముద్రం దగ్గరి ఊళ్లలో చాలా బోర్లు ఉప్పవే. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. మీరు రోజుకి మూడు చెంబులు పోస్తున్నారంటే మూడుసార్లు ఉప్పు వేస్తున్నట్టే. పైగా చెంబు నీళ్లు పైమట్టిని తడిపి అక్కడే ఆగిపోతాయి, అడుగు చిల్లులోంచి ఏమీ బయటికి పోదు. ఎరువు కూడా ఒక రకం ఉప్పే. నేనూ ఒక మే నెలలో వాడిన మల్లెకి బలం చాలలేదనుకుని గుప్పెడు డీఏపీ వేశాను. వారం తిరక్కుండా చీపురుపుల్లలు మిగిలాయి. అప్పటి నుంచి ఎండాకాలం నా చేత ఎరువు ముట్టించగలిగినవాళ్లు లేరు.

ఆ మూడు చెంబులూ తెల్లవారుజామున ఒకేసారి పోయండి. అడుగున నీళ్లు కారాలి. కారితేనే ఉప్పు బయటికి పోయినట్టు. కింద పళ్లెం పెట్టే అలవాటుంటే తీసేయండి, లేకపోతే కారిన నీటినే మట్టి మళ్లీ పీల్చుకుంటుంది. మర్నాడు వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూసి, లోపల తడి తగిలితే ఆ రోజుకి మానేయండి. మధ్యాహ్నం మాత్రం వద్దు. డాబా మీద పైపులో మొదట వచ్చే నీళ్లు చేత్తో పట్టుకోలేం కదా, వేళ్లకి మాత్రం ఎలా ఉంటుంది?

మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయంటారా? బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి పారబోయకండి. ఏసీ ఉంటే దాని పైపు కింద బకెట్ పెట్టండి. గాలిలో తేమే నీరై వస్తుంది కాబట్టి అందులో ఉప్పుండదు. మన ఉక్కపోతకి మా ఇంట్లో తెల్లారేసరికి బకెట్ దాదాపు నిండుతుంది. కరెంటు బిల్లు చూసి మావారు సణిగితే ‘మల్లె కోసమండీ’ అంటాను. అయితే ఆర్‌ఓ ఫిల్టరు వదిలే నీళ్లు మాత్రం పోయొద్దు. ఫిల్టరు తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

కోనసీమలో ఉండి మట్టిని ఎండకి వదిలేయడం ఏమిటండీ! కొబ్బరి డొక్కల్ని ముక్కలు చేసి, మొదలుకి తగలకుండా, వీపు పైకి వచ్చేలా బోర్లించి పరవండి. కొబ్బరి పొట్టు వాడితే రెండు మూడుసార్లు కడిగి పిండండి, దాంట్లోనూ ఉప్పుంటుంది. కుండీల్ని సిమెంటు మీద కాకుండా రెండేసి ఇటుకల మీద, దగ్గర దగ్గరగా పెట్టండి. పడమటి వైపు నాలుగు కొబ్బరి మట్టలు అడ్డం కడితే చాలు.

టమాటా సంగతి వదిలేయండి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా పనిచేయదు, పూత రాలిపోతుంది. ఆ కుండీల్లో బచ్చలి పెట్టుకోండి, పప్పులోకైనా వస్తుంది.

జూన్‌లో కాలువ వదిలాక 12 అంగుళాల కుండీకి రెండు బకెట్ల చొప్పున కాలువ నీళ్లు నెమ్మదిగా పోసి ఉప్పు కడిగేయండి. పది రోజులు ఆగి, కొత్త చిగురు కనిపించాకే గుప్పెడు మాగిన పశువుల ఎరువు వేయండి. డీఏపీ అటక మీదే ఉండనివ్వండి.