లిలీ ఎల్సీ ఆపెరా గాయనా?

కాదు, లిలీ ఎల్సీ (1886–1962) ఇంగ్లండ్‌లో మ్యూజికల్ కామెడీ, ఆపెరెట్టాల్లో పేరు తెచ్చుకున్న నటి. ఆపెరా అంటే దాదాపు మొత్తం పాటే, గొంతే ప్రధానం. ఆపెరెట్టాలో పాటల మధ్య మామూలు మాటలుంటాయి, డాన్సు ఉంటుంది. అందుకే అక్కడ నటన, నడక, అందం కూడా గొంతుతో సమానంగా లెక్కకొస్తాయి. ఎల్సీది తేలికైన, తియ్యని గొంతు. పెద్ద హాలును దద్దరిల్లించే రకం కాదు.

1907 జూన్‌లో లండన్ డేలీస్ థియేటర్‌లో 'ది మెర్రీ విడో' అనే ఆపెరెట్టా మొదలైనప్పుడు నిర్మాత జార్జ్ ఎడ్వర్డ్స్ నాయికగా ఆమెనే తీసుకున్నాడు. నాయకుడిగా వేసిన జోసెఫ్ కోయిన్‌కైతే పాడటమే రాదు, పాటల్ని మాటల్లా చెప్పేశాడు! అయినా ఆ నాటకం 778 ప్రదర్శనలు ఆడింది. అందులో ఎల్సీ పెట్టుకున్న, లూసిల్ అనే డిజైనర్ చేసిన పెద్ద టోపీ జనానికి బాగా ఎక్కింది. ఆడవాళ్లు ఎగబడి అలాంటివే పెట్టుకున్నారు.

ఇప్పుడు అదే నాటకాన్ని ఆపెరా హౌస్‌లలో ఆపెరా గాయనీమణులు పాడుతున్నారు కాబట్టి, అప్పటి నాయికా అలాంటిదే అనుకుంటారు. ఇంకో అపోహ, ఆమె రాత్రికి రాత్రే స్టార్ అయిందని. నిజానికి చిన్నప్పటి నుంచే 'లిటిల్ ఎల్సీ' పేరుతో స్టేజీ ఎక్కేది.