ముసలమ్మ కథ వ్రాయబోతున్న పాపకు

అనంతపురం

చిరంజీవి పాపకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, చెరువు కట్ట తెగకుండా ప్రాణం ఇచ్చిందని చెప్పుకొనే బుక్కరాయసముద్రం కోడలు ముసలమ్మ మీద నవల వ్రాయడానికి పూనుకున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మన ఇంట్లో నా తర్వాత మరొక ఆడపిల్ల చరిత్ర నవలకు కలం పట్టిందని ఎంత సంతోషించానో, నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావేమోనని అంత భయపడ్డాను. ఫోనులో చెబితే సగం మరిచిపోతానని తెల్లవారగానే ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

ఎందుకు ఈ కథే అని మీ అమ్మ అడిగితే నువ్వు చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. చెరువు కట్ట మీది ముసలమ్మ గుడిలో ఒక పిల్లతల్లి చంటిబిడ్డను గడప మీద పడుకోబెట్టి మొక్కుకుంటూ ఉంటే, ముసలమ్మ గండిలోకి వెళ్ళిన ఆ సాయంత్రం ఆమె బిడ్డకు పాలు ఇచ్చింది ఎవరు అని నీకు తోచిందట. కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థిగా ఉన్నప్పుడే ఆమె మీద కావ్యం వ్రాశారు, మన జిల్లాలో ఆ కథ చెప్పని ముసలివాళ్ళు లేరు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరైనా అడగగా నేను వినలేదు. దాన్ని వదలవద్దు.

చదవవలసినవి నీకు తెలిసే ఉంటాయి. బ్రౌను దొర 1853లో ఇంగ్లీషులోకి తెచ్చిన అనంతపురం రాజుల చరిత్ర, మెకంజీ దొర సేకరింపించిన ఊళ్ళ చరిత్రలైన కైఫియతులు, 1905 నాటి జిల్లా గెజిటీరు ముందుగా చూడు. కడపలో బ్రౌను గ్రంథాలయానికి వెళ్ళి కనీసం వారం రోజులు కూర్చో. కాలం ఏదో మొదటే తేల్చుకో. చెరువు మొదటి బుక్కరాయల నాటిది కాబట్టి కథను ఆ రోజులకు దగ్గరగా పెట్టుకుంటే, నీ పాత్రల పొలంలో వేరుశనగ ఉండకూడదు, పులుసులో ఎండుమిరపకాయ ఉండకూడదు. ఆ రెండూ సముద్రాలు దాటి తర్వాత వచ్చినవే. కొర్రలు, జొన్నలు, మిరియాలు చాలు.

ఒక్క చోటికి మాత్రం తప్పకుండా వెళ్ళు. కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కరరాయలు కట్టించిన చెరువు ఉంది. 1369 నాటి శాసనంలో, వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క చెప్పి, మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను కూడా చెక్కించారు. నీళ్ళ శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిదై ఉండాలి, కట్ట రాతితో దిట్టంగా ఉండాలి, పని తెలిసిన మనుషులు ఉండాలి అని అందులో ఉంది. కట్టలో నీరు ఊరడం దోషమని ఉంది. ఆడపిల్ల ప్రాణం కావాలని ఆ పన్నెండింటిలో ఎక్కడా లేదు. కట్ట మరమ్మతు చేసేవాళ్ళకు దశబంధం పేరుతో భూములు మాన్యంగా ఇచ్చే ఆచారం ఈ సీమలో ఉండేది. అటువంటి మాన్యం తిన్నవాడు నీ నవలలో ఒకడు ఉండాలని నా కోరిక. పెద్ద వాన కురిసి గండి పడబోయే వేళకు, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను ఇస్తే కట్ట నిలుస్తుందని దేవత పలికింది అంటారు. ఆ పలుకు కంటే ముందు ఎన్ని ఏళ్ళుగా కట్టలో నీరు ఊరుతున్నదో, దాన్ని చూసి కూడా ఎవరు ఊరుకున్నారో నువ్వు ఊహించు. ఇది నీ చేతిలోని పని, శాసనాలు ఇది చెప్పవు.

ఇక నా తప్పు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నా మొదటి నవల ధాత కరువు మీద వ్రాశాను. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలై 1878 దాకా మన సీమను ఊడ్చిన కరువు అది. ఆ నవలకు ప్రేరణ ఏమిటని సభల్లో అడిగినప్పుడల్లా, మా జేజి విసుర్రాయి ముందు కూర్చొని, కింద పడిన ఒక్క గింజను కూడా వేలి కొనకు అంటించుకొని మళ్ళీ రాయిలో వేసేదనీ, ఆ వేలి నుంచే నా నవల పుట్టిందనీ చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. అయితే నవలకు ప్రాణం పోసిన కథ వేరొకరి ఇంటిది. దాన్ని నేను ఏ సభలోనూ చెప్పలేదు.

గుత్తి దగ్గర ఒక పల్లెలో, ఎనభై ఏళ్ళు దాటిన ఒక అవ్వ తన జేజి కథను రెండు మధ్యాహ్నాలు నాకు చెప్పింది. మొగుడు చనిపోయాక ఆ జేజి నాలుగేళ్ళ కొడుకును చేత పట్టుకొని, నెలల బిడ్డను ఎత్తుకొని, కరువు పని జరిగే చోటికి కంకర కొట్టడానికి బయలుదేరింది. అప్పుడు దొరలు కట్టిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా లేదు. ఆడదానికి అంతకన్నా తక్కువ. ఆమెకు పాలు ఎండిపోయాయి. రెండో రోజు నడకలో, ఏడవడానికి కూడా ఓపిక లేని బిడ్డను దారి పక్కన చింతచెట్టు కింద పడుకోబెట్టి, కొడుకు చేయి పట్టుకొని వెనక్కు చూడకుండా నడిచింది. బతికింది. కొడుకును పెంచింది, మనవరాళ్ళను ఎత్తుకుంది. బతికినన్నాళ్ళూ చింతచెట్టు నీడలో మాత్రం కూర్చోలేదట.

పాపా, నేను ఆమెను నా నవలలో చంపివేశాను. ఇద్దరు బిడ్డలనూ గుండెకు హత్తుకొని చెట్టు కింద ప్రాణం విడిచినట్టు వ్రాశాను. బిడ్డను వదిలి బతికిన తల్లిని చదివేవాళ్ళు క్షమించరని నాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే, క్షమించలేనిది నేనే. అప్పటికి నాకు పెళ్ళై ఆరేళ్ళు, మీ అన్న ఒళ్ళో ఉన్నాడు. ఆ అధ్యాయం చదివి ఏడ్చామని ఎందరో ఉత్తరాలు వ్రాశారు. అది చూసుకొని పొంగిపోయి, పుస్తకం తీసుకొని ఆ పల్లెకు వెళ్ళాను. అవ్వకు చదువు రాదు. మనవరాలు గడప మీద కూర్చొని ఆ అధ్యాయం చదివి వినిపించింది. చింతపండు ఒలుస్తున్న అవ్వ చేయి మధ్యలో ఆగింది. చివరి దాకా విని, నా వైపు చూసి, “మా జేజి సావలేదు కదమ్మా. బతికింది. బతికినందుకే నేనుండాను. ఆమెను నువ్వెందుకు సంపితివి?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ లేచి వెళ్ళి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. రెండవ ముద్రణలో మార్చి, తీసుకువెళ్ళి వినిపిద్దామనుకున్నాను. ముద్రణ నాలుగేళ్ళకు వచ్చింది, ఆవిడ అంతకు ముందే పోయింది.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. నీ ముసలమ్మను పసుపు కుంకుమలతో, చిరునవ్వుతో గండిలోకి నడిపించవద్దు. ఆమె నవ్వుతూ వెళ్ళిందని చెప్పినవాళ్ళంతా ఆ రాత్రి కట్ట నిలిచినందుకు బతికినవాళ్ళు, వాళ్ళ బిడ్డలు. వాళ్ళకు ఆ నవ్వు కావాలి. నువ్వు కూడా అదే వ్రాస్తే ఇన్ని నెలలు సెలవు ఎందుకు? ఆమెకు బతకాలని ఉండనీ. మామ వైపు చూసినప్పుడు ఆయన తల దించుకోనీ. మొగుడు ఒక్క మాట అడ్డం చెబుతాడేమోనని ఆమె ఎదురు చూడనీ. అలాగని ఈ కాలపు ఉపన్యాసం ఆమె నోట పెట్టవద్దు. ఆమె తన కాలపు మనిషి, దేవత పలుకును నమ్మిన మనిషి. నమ్మకమూ ప్రాణం మీద తీపీ రెండూ ఒకే గుండెలో ఉండగలవు. గుడికి వచ్చి మొక్కే ఆడవాళ్ళను తక్కువ చేసే మాట ఒక్కటి కూడా వ్రాయకు, వాళ్ళు ఆమెను వందల ఏళ్ళుగా మరవకుండా కాపాడినవాళ్ళు.

చీకటి పడ్డాక ఒంటరిగా కట్ట మీద తిరగవద్దు. వానాకాలంలో చెరువు నీళ్ళు పొర్లిపోయే మరవ దగ్గరికి అసలే పోవద్దు. నీకు నవ్వుగా ఉంటుందేమో, నాకు ఈ కథ విన్న ప్రతిసారీ నీళ్ళంటే భయం వేస్తుంది. వ్రాసే ధ్యాసలో తిండి మానేస్తావని మీ అమ్మ చెబుతున్నది. పొద్దున రాగిసంగటి ఒక ముద్ద తిని కూర్చో, మధ్యాహ్నం దాకా ఆకలి తెలియదు.

నీ ప్రశ్నకు జవాబు వెతకడానికి గ్రంథాలయం అక్కరలేదు. మీ అమ్మ పుట్టినప్పుడు మా అమ్మకు బాలింత జ్వరం వచ్చి పదకొండు రోజులు తెలివి లేదు. నాకు ఎనిమిదేళ్ళు. పక్కింటి అక్క తలస్నానం చేసిన తడి జుట్టుతోనే పరుగున వచ్చి, తన కొడుకును ఒక పక్క నుంచి తప్పించి, ఆ పక్క మీ అమ్మను పెట్టుకుంది. వాడు ఏడుస్తుంటే నేను ఎత్తుకొని అరుగు మీద తిప్పాను. ఆవిడకు ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు, చెవులు బాగానే వినిపిస్తాయి. ఆదివారం రా, ఇద్దరం వెళ్దాం. సెల్‌ఫోనులో రికార్డు చేయబోయే ముందు అడుగు, వ్రాసింది అచ్చుకు పంపే ముందు ఆవిడకు చదివి వినిపిస్తానని మాట ఇవ్వు. ఆవిడ వద్దన్న చోట కొట్టివెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ