జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన రేకు పడవ పాతదా, కొత్తగా చేసిందా?

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తాళంచెవి తిప్పితే నడిచే రేకు పడవ చూశానని, 1940 నాటి జర్మనీ సరుకంటూ భారీ ధర చెబుతున్నారని రాశారు. అది కొనాలా, పాత నమూనాలతో ఇప్పుడు వస్తున్న రీఇష్యూలు కొనాలా అని అడిగారు. నేనైతే రెండూ కొంటాను. కాకపోతే కొత్తదానికి పాతదాని ధర మాత్రం ఇవ్వను.

తుప్పు చూసి నమ్మేయకండి. ఉప్పునీళ్లు ఉంటే ఎవరైనా తుప్పు పట్టించగలరు. పిల్లలు నిజంగా ఆడుకున్న పడవ అడుగున, అంచుల్లో, తాళంచెవి దూరే రంధ్రం చుట్టూ అరుగుతుంది. ఒళ్లంతా ఒకేలా తుప్పుంటే నాకు అనుమానమే.

తర్వాత మీద ఉన్న అక్షరాలు చదవండి. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే 1949కి ముందుది కాదు, ఆ దేశం ఏర్పడిందే అప్పుడు. 'ఆక్యుపైడ్ జపాన్' అంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1952 లోపు చేసింది. సీఈ (యూరప్ భద్రతా నియమాలకు సరిపోతుందని వేసే 'CE') గుర్తు కనిపిస్తే ఈమధ్యదే. ఇంగ్లండ్‌లోని సట్‌క్లిఫ్ కంపెనీ 1982లో మూతపడింది కాబట్టి, వాళ్ల అసలు పడవైతే నలభై ఏళ్లు దాటినట్టే.

అక్షరాలు గీకేసి ఉంటే భూతద్దమే దిక్కు. మహబూబ్ చౌక్ దగ్గర ఒక పాత సామాన్ల దుకాణంలో నాకూ ఇలాంటి పడవే చూపించారు. భూతద్దంలో చూస్తే రంగంతా సన్నని చుక్కలు, ఇప్పటి పత్రికల్లో ఫోటోల మాదిరి. రేకు మీద రంగులు అద్దే పాత లితో అచ్చులో ఎక్కువగా ఒక్కో రంగూ విడిగా, నిండుగా పడుతుంది. "భాయ్, ఇది కొత్తదే" అంటే ఆయన వాదించలేదు, ధర తగ్గించాడు. సంతోషంగా కొనుక్కున్నాను, ఎందుకంటే పడవ చక్కగా ఉంది.

రీఇష్యూ అనగానే నకిలీ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. స్పెయిన్‌లోని పాయా కంపెనీ 1980లలో తన పాత మూసలనే బయటికి తీసి మళ్లీ బొమ్మలు చేసింది. అది దాచుకోదగ్గ పనే. విదేశాల నుంచి తెప్పించేటట్లయితే మాత్రం 2023లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 70 శాతానికి పెంచారని గుర్తుంచుకుని లెక్కేసుకోండి.

మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి హైదరాబాద్‌లో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో దొరికే టపటపలాడే ఆవిరి పడవ కూడా ఒకటి తీసుకోండి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. థామస్ పియో అనే ఫ్రెంచివాడు 1891లో బ్రిటన్‌లో ఇలాంటి పడవకు పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో ఇప్పటికీ తయారవుతున్నాయి. లోపల చిన్న రేకు డబ్బీ, దాన్నుంచి వెనక్కి రెండు గొట్టాలు, అంతే. గొట్టాల్లోంచి నీళ్లు నింపి, డబ్బీ కింద దీపం పెడితే ఆవిరి పుట్టి గొట్టంలోని నీటిని వెనక్కి నెడుతుంది. ఆ ఆవిరి చల్లబడగానే నీళ్లు మళ్లీ లోపలికి వస్తాయి. బయటికి పోయేటప్పుడు నీరు ఒకే దిక్కుకు ధారగా పోతుంది, లోపలికి వచ్చేటప్పుడు అన్ని వైపుల నుంచీ చేరుతుంది. ఆ తేడా వల్లే పడవ ముందుకు సాగుతుంది. డబ్బీ పైనున్న పల్చటి రేకు ఉబ్బుతూ అణుగుతూ ఆ టపటప చప్పుడు చేస్తుంది. ఇంత సులువైన ఇంజను ఇంకో బొమ్మలో నేను చూడలేదు.

నీళ్లలో వదలడానికి ఇవీ, రీఇష్యూలూ చాలు. నిజంగా పాతదైతే నీళ్లలో పెట్టకండి, అతుకుల లోపల తుప్పు మొదలైతే ఆపలేం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు. వానాకాలంలో అద్దాల బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. తుడవడానికి పొడి మెత్తటి గుడ్డ చాలు, పాలిష్‌లు వాడితే బొమ్మ మీది అచ్చు పోతుంది.

ఆ పడవను మళ్లీ చూడటానికి వెళ్లినప్పుడు తాళంచెవి బిగుసుకునేదాకా తిప్పనివ్వకండి, పాత స్ప్రింగ్ తెగిపోవచ్చు. రెండు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ ఆగకుండా తిరిగితేనే బేరం మొదలుపెట్టండి.