దీవులకు కరెంటు ప్లాన్ చేస్తానంటోంది, పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ట్రిపుల్‌ఈ మూడో సంవత్సరం. లక్షద్వీప్ లాంటి చోట్ల తుపాను వచ్చినా కరెంటు నిలిచేలా ప్లాన్ చేసే పనిలోకి వెళ్తానంటోంది. అసలు అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఉన్నాయండీ. కాకపోతే ఆ పేరుతో ప్రకటన కనిపించదు. మైక్రోగ్రిడ్ (ఒక ఊరికో దీవికో సరిపడే సొంత చిన్న కరెంటు వ్యవస్థ), బ్యాటరీ స్టోరేజ్, డిస్ట్రిబ్యూషన్ ప్లానింగ్ అనే పేర్లతో సోలార్ కంపెనీల్లో, కన్సల్టెన్సీల్లో, ఎన్టీపీసీ, సెకీ (సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) లాంటి ప్రభుత్వ సంస్థల్లో వెతకాలి.

పని ఎలా ఉంటుందో చెబుతాను. లక్షద్వీప్‌లో కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్లదే. ఆ డీజిల్ ఓడల్లో రావాలి. వానాకాలంలో సముద్రం పోటెత్తితే రాకపోకలే కష్టం. అందుకే లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో 1.7 మెగావాట్ల సోలార్ ప్లాంటు, 1.4 మెగావాట్ అవర్ల బ్యాటరీ పెట్టారు. 2024 జనవరిలో ప్రారంభించారు. అదే దీవిలో సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటు 2005లో వచ్చింది. అంటే అక్కడ కరెంటు పోతే తాగునీటికీ కటకటే. ఆసుపత్రి, నీళ్లు, చేపలకు ఐసు, సెల్ టవర్లు: వీటిలో ఏది ఎన్ని గంటలు నడవాలి, ముందు ఏది ఆపాలి? ఆ వరుస దీవి జనంతో కూర్చుని తేల్చాలి. స్కాట్లాండ్‌లోని ఎగ్ దీవివాళ్లు 2008 నుంచి గాలి, నీరు, ఎండలతో సొంత గ్రిడ్ నడుపుకుంటున్నారు. ఏ ఇల్లూ ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడదు. ఊరంతా ఆ హద్దుకు ఒప్పుకోవడమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

అమ్మాయి ఇప్పుడు పవర్ సిస్టమ్స్ గట్టిగా పట్టుకోవాలి. లోడ్ ఫ్లో (ఏ లైన్లో ఎంత కరెంటు పారుతుందనే లెక్క), ప్రొటెక్షన్ (లోపం వచ్చిన భాగాన్ని వెంటనే విడదీసే ఏర్పాటు), ఇన్వర్టర్ కంట్రోల్‌లో తడబడకూడదు. మైక్రోగ్రిడ్‌లను డిజైన్ చేసే హోమర్ సాఫ్ట్‌వేర్, కొంత పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే మేలు. గేట్ రాయమనండి, ఎంటెక్‌కీ, కొన్ని ప్రభుత్వ సంస్థలకీ పనికొస్తుంది. మీకు దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) ఉంది. సునామీ, ఎత్తైన అలల హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. విద్యార్థులకు ప్రాజెక్టు అవకాశం ఉందేమో కనుక్కోండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు మాత్రం దీవిదాకా వెళ్లక్కర్లేదు. కాలేజీ ద్వారా అనుమతి తీసుకుని నల్లమలలో ఒక చెంచు పెంటకు (చెంచుల చిన్న గూడేనికి) వెళ్లి, రాత్రి ఏ దీపం ఎవరికి అవసరమో అడిగి రాసుకోమనండి.

జీతం సంగతి దాచను. మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులకన్నా తక్కువే రావచ్చు. మొదటి కొన్నేళ్లు దీవిలో కాదు, ఏ సబ్‌స్టేషన్‌లోనో, సోలార్ సైట్‌లోనో గడవొచ్చు. అందుకు ఆమె సిద్ధమంటే మీరు అడ్డు చెప్పకండి. వీలైతే ఈ సెలవుల్లోనే మలయాళం మొదలుపెట్టమనండి. లక్షద్వీప్‌లో ఎక్కువమంది మాట్లాడేది అదే.