ఆ నిండిన ప్లేటు గురించి, గైడ్‌కి చూపించే ముందు

నాన్నా,

నీ మెసేజ్ చూశాను. ట్రాన్స్‌డక్షన్, అంటే ఒక రకం (స్ట్రెయిన్) బ్యాక్టీరియా జన్యువుని వైరస్ ద్వారా ఇంకో రకంలోకి ఎక్కించే ప్రయోగం, మూడుసార్లు చేస్తే ఒక్క కాలనీ (ఒక్క కణం నుంచి పెరిగిన బ్యాక్టీరియా చుక్క) కూడా రాలేదనీ, నాలుగోసారి ప్లేటు నిండా వచ్చాయనీ, ఇక గట్టెక్కేశాననీ రాశావు. నిజం చెప్పనా, ఆ ఖాళీ ప్లేట్లకి నాకేమీ కంగారు పుట్టలేదు గానీ ఈ నిండిన ప్లేటు ఫొటో చూశాకే టెన్షన్ పట్టుకుంది. గైడ్ దగ్గరికి పరిగెత్తే ముందు ఇది చదువు.

నువ్వు ప్రోటోకాల్‌ని గీత గీతా పాటిస్తున్నావు, అది మంచిదే, కానీ లోపల ఏం జరుగుతోందో ఒకసారైనా బొమ్మ గీసి చూసుకున్నట్టు లేదు. పీ1 ఫేజ్, అంటే బ్యాక్టీరియాని పట్టే వైరస్, ఈ. కోలై బ్యాక్టీరియాలోకి దూరాక తన డీఎన్‌ఏ కాపీలు ఒకదాని వెనక ఒకటి అతుక్కున్న పొడుగాటి తాడులా తయారవుతాయి. తలలు, అంటే ఖాళీ ప్రొటీన్ డబ్బాలు, వేరే తయారవుతుంటాయి. ప్యాకింగ్ చేసే ఎంజైము తాడు మీద ఒక గుర్తు చూసి, అక్కడ కోసి, తల నిండేదాకా కూరి, నిండగానే మళ్లీ కోస్తుంది. కూరేది ఎవరి డీఎన్‌ఏ అన్న పట్టింపు అక్కడినుంచి ఉండదు, డబ్బా నిండిందా లేదా అన్నదే లెక్క. ఇల్లు మారేటప్పుడు సామాను సర్దేవాళ్లు పక్కవాటా వాళ్ల పెట్టెలు కూడా లారీ ఎక్కించేసినట్టు, ఎప్పుడో ఒకసారి ఈ ఎంజైము బ్యాక్టీరియా క్రోమోజోమునే పట్టుకుని కూరేస్తుంది. ఆ తలకీ తోక మామూలుగానే అతుక్కుంటుంది, బయటికొచ్చి ఇంకో కణాన్ని మామూలుగానే పట్టుకుని, లోపలున్నది ఎక్కిస్తుంది. ఎక్కింది వైరస్ జన్యువులు కావు కాబట్టి ఆ కణం బతికిపోతుంది. నువ్వు చేస్తున్న ట్రాన్స్‌డక్షన్ అంతా ఈ పొరపాటు మీద నడిచే పని.

పొరపాటు ఎంత అరుదో లెక్క వేసుకో. పీ1 తలలో సుమారు లక్ష బేస్ జతలు పడతాయి, ఈ. కోలై క్రోమోజోము దాదాపు 46 లక్షలు. అంటే ఒక్కో తప్పుడు తలలో క్రోమోజోములో రెండు శాతం ముక్క. అలాంటి తలలు వెయ్యికి మూడు దాకా ఉంటాయి, వాటిలో నీ జన్యువున్న ముక్కే కావాలి, అది లోపలికెళ్లినా రెక్‌ఏ ప్రొటీన్ సాయంతో క్రోమోజోములో అతుక్కోవాలి, లేకపోతే ఊరికే పోతుంది. చివరికి నీకు దొరికే కాలనీ లక్ష ఫేజ్‌లకి ఒకటో, పది లక్షలకి ఒకటో. మధ్యలో ఒక మాట, నీ రెసిపియంట్‌లో, అంటే జన్యువుని అందుకునే స్ట్రెయిన్‌లో, రెక్‌ఏ జన్యువు పనిచేస్తోందో లేదో చూశావా? క్లోనింగ్‌కి వాడే స్ట్రెయిన్లు చాలావాటిలో అది పనిచెయ్యదు. అలాంటిది తీసుకుంటే మూడుసార్లు కాదు, ముప్పైసార్లు చేసినా ప్లేటు ఖాళీయే.

మిగతా 99 శాతం పైచిలుకు ఫేజ్‌లు మామూలు ఫేజ్‌లు, పైగా మనం వాడేది తప్పనిసరిగా చంపే రకం. నీకు కావలసిన ముక్క అందుకున్న కణానికి పక్కనే ఇంకో ఫేజ్ తగిలిందంటే అది కూడా పోయినట్టే. అందుకే లైసేట్, అంటే డోనర్ (జన్యువునిచ్చే) కణాలు పగిలి ఫేజ్‌లు బయటికొచ్చిన ద్రవం, ఎంత ఎక్కువ పోస్తే అన్ని కాలనీలు అనుకోకు, కణాల కంటే ఫేజ్‌లు బాగా తక్కువ ఉండాలి. ఒకే మోతాదు కాకుండా 1, 10, 100 మైక్రోలీటర్లు విడివిడిగా పెట్టు. ఫేజ్ కణానికి అంటుకోవాలంటే కాల్షియం కావాలి, దాని కోసమే 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్. అరగంట అయ్యాక సోడియం సిట్రేట్ పోస్తావు చూడు, అది ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, ఇక కొత్తగా ఎవరికీ ఫేజ్ అంటదు. సిట్రేట్ ప్లేటులో కూడా ఉండాలి, చాలామంది అక్కడే మర్చిపోతారు. తర్వాత కనమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీద పరిచే ముందు ఒక గంట ఊరికే పెరగనివ్వు. ఆ మందుని తట్టుకునే (రెసిస్టెన్స్) కొత్త జన్యువు వచ్చిన వెంటనే దాని ప్రొటీన్ తయారైపోదు కదా, అది తయారయ్యేలోపే మందు మీద వేస్తే బతకాల్సినవి కూడా చస్తాయి. నీ మొదటి మూడు ప్లేట్లలో ఒకటైనా ఇలా పోయుంటుందని నా అనుమానం.

ఇక నిండిన ప్లేటు సంగతి. నేను చేరిన కొత్తలో నాకూ అచ్చం ఇలాగే వచ్చాయి, రెండొందలకు పైగా. ల్యాబంతా తిరిగి చూపించాను. వారం తర్వాత తేలిందేమిటంటే అవన్నీ డోనర్ కణాలే, లైసేట్‌లో చావకుండా మిగిలినవి, కనమైసిన్ రెసిస్టెన్స్ వాటికి పుట్టుకతో ఉన్నదేనాయె. తొందరలో, మిగిలిన కణాల్ని చంపే క్లోరోఫామ్ నాలుగు చుక్కలు వేసి సరిగ్గా కలపకుండానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేశాను, పైగా లైసేట్ ఒక్కదాన్నే ఒక ప్లేటు మీద వేసి చూడలేదు. ఆ వారమంతా ఎవరి మొహమూ చూడలేకపోయాను. కాబట్టి క్లోరోఫామ్ వేశాక బాగా కలుపు, అడుగున చెత్త గట్టిగా కూర్చునేదాకా సెంట్రిఫ్యూజ్ చెయ్యి, పైనున్నది మాత్రమే తీసుకో, పారదర్శకంగా గాజులా కనిపించే పాలీస్టైరీన్ ట్యూబుల్లో మాత్రం పొయ్యకు, క్లోరోఫామ్‌కి అవి కరిగిపోతాయి. ప్రతిసారీ రెండు ప్లేట్లు అదనంగా పెట్టు, ఒకటి లైసేట్ మాత్రమే, ఇంకొకటి ఫేజ్ లేని రెసిపియంట్ మాత్రమే. ఆ రెండూ ఖాళీగా ఉంటేనే మూడోదాని మీద నోరు విప్పు. నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది ఒక్క ప్లేటే, నా భయమంతా అందుకే.

కంట్రోల్స్ (పోల్చి చూసుకోడానికి పెట్టే ఇలాంటి అదనపు పరీక్షలు) అంటే గైడ్‌లు పెట్టే చాదస్తం అనుకుంటున్నావేమో, అసలు ట్రాన్స్‌డక్షన్ సంగతి బయటపడిందే వాటివల్ల. జిండర్, లెడర్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు సాల్మొనెల్లా బ్యాక్టీరియాలో కణాలు జతకట్టి జన్యువులు మార్చుకుంటాయేమోనని వెతికారు. మధ్యలో కణాలు దాటలేని వడపోత ఉన్న యూ ఆకారపు గొట్టంలో రెండు స్ట్రెయిన్లు చెరోవైపు పెట్టినా జన్యువులు అటునుంచి ఇటు వచ్చేశాయి, అంటే కణాలు తాకాల్సిన పని లేదు. విడి డీఎన్‌ఏని నరికేసే ఎంజైము కలిపినా ఆగలేదు, అంటే డీఎన్‌ఏ దేనిలోనో దాక్కుని వస్తోంది. ఆ దాచిపెట్టినది పీ22 అనే ఫేజ్ అని తేలింది, 1952లో అచ్చువేశారు. జిండర్ అప్పటికి విద్యార్థి, నీలాగే.

నీ కాలనీలు నిజమైనవే అని తేలినా పని అయిపోయినట్టు కాదు. లక్ష బేస్ జతల ముక్క వచ్చిందంటే నువ్వడిగిన జన్యువు ఒక్కటే రాలేదు, ఇరుగుపొరుగు కూడా వెంట వచ్చి ఉండొచ్చు. ఈ. కోలై జన్యువుల మ్యాపులో దూరాన్ని నిమిషాల్లో కొలుస్తారు, మొత్తం 100 నిమిషాలు, పీ1 తల అందులో 2 నిమిషాలు. రెండు జన్యువులు కలిసి వచ్చే అవకాశానికి ఒక పాత సూత్రం ఉంది, వాటి మధ్య దూరాన్ని 2తో భాగించి, 1లోంచి తీసేసి, ఘనం చెయ్యి. నిమిషం దూరంలో ఉంటే ఎనిమిదింట ఒకటి, అర నిమిషమైతే వందకి 42. డోనర్‌లో పక్కన వేరే మ్యుటేషన్ ఉంటే అదీ నీ స్ట్రెయిన్‌లోకి వచ్చి కూర్చుంటుంది, తర్వాత కనిపించే ప్రభావం నీ జన్యువుదే అనుకుని నువ్వు ఆరునెలలు తిరుగుతావు. ఒక్క కాలనీ తీసుకోకు, వేరువేరుగా వచ్చినవి నాలుగైదు తీసుకుని అన్నీ ఒకేలా ప్రవర్తిస్తున్నాయో లేదో చూడు.

ఇంకోటి, పీసీఆర్ (కావలసిన డీఎన్‌ఏ ముక్కని కాపీలు చేసి, ఉందో లేదో చూసే పరీక్ష) చేసేటప్పుడు కొత్త జన్యువు వచ్చిందా అని మాత్రమే కాదు, పాతది పోయిందా అని కూడా చూడు. కనమైసిన్ జన్యువు పెట్టి దాని చోటులోంచి నువ్వు తీసేస్తున్నది కణానికి ప్రాణాధారమైన జన్యువైతే, ఆ భాగం అప్పటికే రెండు కాపీలైన కణాలు మాత్రమే బతికి బయటపడతాయి, ఒక కాపీలో కనమైసిన్, ఇంకోదాంట్లో పాత జన్యువు పదిలంగా. ఒకవైపు చూసి సంబరపడితే అంతే సంగతులు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. ఆ ప్లేటు పారెయ్యకు. ఎనిమిది కాలనీలు తీసి సిట్రేట్ ఉన్న ప్లేటు మీద గీసి, అందులోంచి ఒంటి కాలనీ తీసి మళ్లీ ఇంకోసారి గియ్యి, మిగిలిన ఫేజ్ వదిలిపోతుంది. డోనర్‌కీ రెసిపియంట్‌కీ తేడా చూపించే ఇంకో మార్కర్ ఏదైనా ఉంటే ముందు అది పరీక్షించు, పీసీఆర్ తర్వాత. ఫ్రిజ్‌లో మిగిలిన ఆ లైసేట్‌లోంచే 100 మైక్రోలీటర్లు ఈరోజే కనమైసిన్ ప్లేటు మీద వెయ్యి, ఏమీ కలపకుండా. రేపు పొద్దున దాని ఫొటో పంపు, ఎంత తొందరగా లేస్తే అంత తొందరగా.

పెద్దమ్మ