రష్యా మహిళా స్కీయర్లలో ఎవరు గొప్ప? నా ఓటు కులకోవాకే

రష్యా క్రాస్ కంట్రీ స్కీయర్లలో (కాళ్ళకు స్కీలు, అంటే పొడవాటి పలకలు, కట్టుకుని మంచుమీద దూరాలు వెళ్ళేవాళ్ళు) ఎవరు గొప్ప, పతకాలు ఎక్కువున్నవాళ్ళేనా అని అడిగారు. పతకాలే లెక్కంటే రయీసా స్మెతానినా, ఒలింపిక్స్‌లో 10. బంగారమే చూస్తామంటే ల్యుబోవ్ యెగోరోవా, 6. నేను మాత్రం గలీనా కులకోవా పేరే చెబుతా. ఇందులో పక్షపాతం లేదనను. నేను ఎంబీబీఎస్ చదివింది రష్యాలోని ఇజెవ్స్క్‌లో. ఆవిడది కూడా ఆ ఊరున్న ఉద్ముర్తియా ప్రాంతమే, వోత్కిన్స్క్ వైపు పల్లె. ఇజెవ్స్క్‌లో ఆవిడ పేరుతో స్కీ కేంద్రం కూడా ఉంది.

మొదటి చలికాలం వ్యాయామం క్లాసులో మా కాళ్ళకు స్కీలు తగిలించారు. మంచులో రెండు గాళ్ళు తీసి ఉంటాయి, ‘లిజ్న్యా’ అంటారు. ఒంగోలు ఎండలో పెరిగిన కాళ్ళు ఆ గాళ్ళలో నిలిస్తేగా! మూడు కిలోమీటర్లకు దాదాపు గంట పట్టింది. ఎన్నిసార్లు పడ్డానో లెక్క పెట్టడం మానేశా. వెనక నుంచి ఓ పెద్దావిడ ‘లిజ్న్యూ!’ అని కేకేసి, దారి ఇవ్వగానే జర్రున వెళ్ళిపోయింది.

ఆ రాత్రే కులకోవా టైమింగ్ వెతికా. 1972 సపోరో ఒలింపిక్స్‌లో 5 కిలోమీటర్లు 17 నిమిషాల్లో! అవి చెక్క స్కీల రోజులు. స్కేటింగ్ పద్ధతి (స్కీలను పక్కలకు నెడుతూ పోవడం) ఇంకా రాలేదు, గాడిలోనే నెట్టుకుంటూ పోవాలి. 10 కిలోమీటర్లలో రెండోస్థానంలో వచ్చినామెకన్నా కులకోవా అరనిమిషం పైనే ముందుంది. రిలే కూడా కలిపితే, ఆ ఏడాది మహిళలకున్న మూడు క్రాస్ కంట్రీ పోటీల్లో మూడూ ఆవిడవే. 1974లో ఫాలున్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ అంతే, మూడుకి మూడు. అంతకుముందు 1968 గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో 5 కిలోమీటర్ల బంగారం 3.2 సెకన్లలో చేజారింది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం 1976 ఇన్స్‌బ్రక్ ఒలింపిక్స్. జలుబుకని వాడిన ముక్కు మందులో ఎఫెడ్రిన్ (ఆటల్లో నిషేధించిన ఉత్ప్రేరకం) ఉంది. పరీక్షలో దొరికింది, 5 కిలోమీటర్ల కాంస్యం వెనక్కి తీసుకున్నారు. అయితే ఆటల నుంచి పంపెయ్యలేదు. 10 కిలోమీటర్లలో కాంస్యం, రిలేలో బంగారం తెచ్చుకుంది. ఇంత జరిగాక కూడా వదల్లేదు: 1980 లేక్ ప్లాసిడ్‌లో 37 ఏళ్ళ వయసులో రిలే రజతం. మొత్తం ఎనిమిది ఒలింపిక్ పతకాలు, నాలుగు బంగారం. నన్నడిగితే, ఆ పోయిన కాంస్యం ఆవిడ పేరుకి మచ్చే కాదు. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు మా ఊళ్ళోనే ప్రాక్టీసు. ఆటలాడే పిల్లలు జలుబుతో వస్తే, మందు రాసేముందు “పోటీలేమైనా ఉన్నాయా అమ్మా?” అని అడుగుతా. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీల సమయంలో పరిమితి దాటితే నిషిద్ధమే. పక్కనున్న వాళ్ళ నాన్న మాత్రం, మండల స్థాయి కబడ్డీకి ఇదంతా ఎందుకు డాక్టరుగారూ అన్నట్టు చూస్తాడు.